మీ మట్టి మీరు పట్టుకుపోండి

తట్ట మట్టి తేనివాళ్లకి జంటపేటల కబడ్డీ క్లబ్బులో చోటు లేదు. ప్రెసిడెంటు కొడుకైనా అంతే, చర్చి పెద్ద మనవరాలైనా అంతే. తన ఇంటి దగ్గరి మట్టి ఒక తట్ట నెత్తిన పెట్టుకుని రావాలి, కోర్టులో పొయ్యాలి, కాళ్లతో తొక్కాలి. అప్పుడు రాజరత్నం గారు పుస్తకంలో పేరు రాసి పక్కన 'తట్ట వేశారు' అని రాస్తారు. అంతే, చేరినట్టే. ఫీజూ లేదు, ఫారమూ లేదు.

మొగల్తూరు దాటి సముద్రం వైపు పోతే ఉప్పుదిబ్బ. ఊరంటే రెండు పేటలే. మురుగుకాలవకి ఇటు రేవుపేట, వేట మీద బతికేవాళ్లది. అటు మిషన్‌పేట, లూథరన్ చర్చి చుట్టూ అల్లుకున్న కూలోళ్ల ఇళ్లూ, ఇద్దరు ముగ్గురు టీచర్లవీ. మధ్యలో గట్టు పక్కన పదిహేను సెంట్ల సర్కారు పోరంబోకు. ఇరవై ఆరేళ్ల కింద అక్కడ కంప తప్ప ఏమీ మొలిచేది కాదు. రేవుపేట చిట్టియ్య, మిషన్‌పేట రాజరత్నం కలిసి దాన్ని చదును చేశారు. ముందు చిట్టియ్య సముద్రపు ఇసుక పోయించాడు. పిల్లల మడమలు మెలికపడ్డాయి. తర్వాత రాజరత్నం నల్లమట్టి పోయించారు. ఎండకి బిగిసి మోకాళ్ల తోలు లేచిపోయింది. రెండూ కలిపి తొక్కితే అప్పుడు కుదిరింది. అడుగు జారదు, పడితే దెబ్బ తగలదు. తట్ట నియమం ఆనాడు పెట్టిందే.

ఆ కోర్టులో దిగిన మొదటి ఆడపిల్ల సత్యకుమారి. చిట్టియ్యకి మేనకోడలు. అప్పుడు పద్దెనిమిది, ఇప్పుడు నలభై నాలుగు. పొద్దున నరసాపురం మార్కెట్లో చేపలమ్ముతుంది, సాయంత్రం క్లబ్బు నడుపుతుంది. చిట్టియ్య పోయాక పద్నాలుగేళ్లుగా సెక్రటరీ ఆవిడే. జీతం లేదు, మెచ్చుకోలూ లేదు. ఆడపిల్లల జట్టు ఏ రోజు ఎక్కడ ఆడాలో నిర్ణయించేది ఆవిడ. ఎలా ఆడాలో నేర్పేది మిషన్‌పేట సుకుమార్ మాస్టారు. ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఆవిడకన్నా ఆరేళ్లు చిన్న. తొమ్మిదేళ్లుగా ఆవిడని 'అక్కా' అని పిలిచాడు. ఆవిడ నోరు మాత్రం ఎవరి మాటా వినేది కాదు.

ఆ ఏడాది అన్నీ ఎదురుదెబ్బలే. అక్టోబరు తుపానుకి పక్కనున్న సురేంద్ర అనే ఆసామి రొయ్యల చెరువు గట్టు తెగి ఉప్పునీళ్లన్నీ కోర్టు మీద పడ్డాయి. పందొమ్మిది రోజులు నిలబడ్డాయి. నీళ్లు తీశాక చూస్తే నేలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గట్టు తెగింది సురేంద్రది, నష్టం క్లబ్బుది. అయినా అర్జీ పెట్టింది మాత్రం సురేంద్రే. 'సదరు స్థలం ఆటకి వాడుకలో లేదు గనుక మా చెరువులకి లారీల దారిగా ఇప్పించవలెను' అని. ఫిబ్రవరిలో మండలాఫీసునుంచి కాగితం వచ్చింది. జూన్ పదో తారీకున అధికారి వచ్చి చూస్తారు. ఆట నడుస్తుంటే స్థలం ఉంటుంది. లేకపోతే దారి.

సత్యకుమారి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. అప్పటినుంచి ఆవిడకి పగలూ లేదు, రాత్రీ లేదు. కొవ్వూరులో ఏప్రిల్లో ఆడపిల్లల పోటీ జరుగుతుందని తెలిసి ఫోన్లోనే పేరిచ్చేసింది. కప్పు తెచ్చి అధికారి ముందు పెడితే ఇక నోరెత్తేదెవడు అనుకుంది.

తారీకు చూసుకుంది కూడా. తన లెక్కలో చూసుకుంది. అమావాస్య ఎప్పుడు, పోటు ఎప్పుడు, వేట నిషేధానికి పడవలు ఒడ్డుకెక్కేది ఎప్పుడు. మంగళవారంనుంచి నిషేధం. దానికి ముందు ఆదివారమంటే మార్కెట్‌కి ఆఖరి పెద్ద రోజు. ఆ బేరం తను వదులుకుంటే చాలనుకుంది. వదులుకునేవాళ్లు ఇంకా ఉంటారని తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఆ సంగతి చెప్పగానే సుకుమార్ ముఖం మారింది.

"అక్కా, అది మట్టల ఆదివారం."

"అయితే ఏంటి?"

"అయితే ఏంటంటావేంటక్కా? పొద్దున్నే మట్టలు పట్టుకుని చర్చికి ఊరేగింపు. ఏడుగురిలో నలుగురు మా పిల్లలు. ముందు పాట ఎత్తేదే ప్రిస్కిల్లా."

"ఒక్క ఏడు ఎత్తకపోతే దేవుడేమన్నా అలుగుతాడా? అయిదింటి బస్సు. చెప్పెయ్యి."

"నేను చెప్పను. నువ్వు చెప్పు. అసలు నన్ను అడక్కుండా పేరెందుకిచ్చావు?"

"నిన్నడిగితే నెల రోజులు ఆలోచిస్తావు మాస్టారూ. నాకు టైము లేదు."

ఆదివారం అయిదింటి బస్సుకి ముగ్గురే వచ్చారు. ముగ్గురూ రేవుపేట పిల్లలే. సత్యకుమారి తోడికోడలి కూతురు నాగదుర్గ ఆ ముగ్గురిలో ఒకతె. దార్లో కలుస్తారేమోనని సత్యకుమారి కొవ్వూరు దాకా కిటికీలోంచి మెడ సాచి చూస్తూనే ఉంది. గోదారి ఒడ్డున గ్రౌండులో ముగ్గురు పిల్లలు జెర్సీలేసుకుని ఎండలో నిలబడ్డారు. మైకులో ఒకాయన, "ఉప్పుదిబ్బ జట్టు గైర్హాజరు. అవతలి జట్టు గెలిచినట్టు ప్రకటిస్తున్నాం" అన్నాడు. వాళ్ల ముందే అన్నాడు. నాగదుర్గ చెయ్యెత్తి, "ఉన్నామండీ, మేం ఇక్కడే ఉన్నాం" అంది. జనం నవ్వారు.

ఆ నవ్వు సత్యకుమారి చెవిలో మోగుతూనే ఉంది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా కోర్టుకొచ్చింది. మిషన్‌పేట పిల్లలు నలుగురూ అక్కడే ఉన్నారు, సుకుమార్‌తో. ప్రిస్కిల్లా చేతిలో కొబ్బరాకుతో మడిచిన చిన్న సిలువ ఉంది.

"వచ్చారా మహారాణులు! మట్టలూపుకుంటూ ఊరేగడానికి కాళ్లొచ్చాయి. కూతకి రమ్మంటే కాళ్లు పడిపోయాయి!"

"అక్కా, పిల్లలతో అలా మాట్లాడకు," అన్నాడు సుకుమార్.

"మాట్లాడతాను. నా పిల్లలు ముగ్గురు అక్కడ వెర్రిమొహాలేసుకుని నిలబడ్డారు. ఏంటే ప్రిస్కిల్లా, ఆ ఆకు చూపిస్తే ఆఫీసరు స్థలం రాసిస్తాడా?"

ప్రిస్కిల్లా పదిహేడేళ్ల పిల్ల. నాట్లకీ కోతలకీ తల్లితో కలిసి కూలికి పోతుంది, మిగతా రోజుల్లో కాలేజీ. కూతకి వెళ్లిందంటే ఎదురుగా ఉన్నవాళ్లు ఎటు కదలాలో మరిచిపోతారు. మాట మాత్రం తక్కువ. ఆకు సిలువని గుప్పిట్లో మూసి వెనక్కి తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయేమో, చూపించలేదు.

అది చూసి సుకుమార్‌కి తెగింది.

"నోరు అదుపులో పెట్టుకోండి సత్యకుమారి గారూ."

తొమ్మిదేళ్ల తర్వాత 'గారూ' అన్నాడు. చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు.

"పండగ మాది. మీకు అడిగే మర్యాద లేదు. మీ అమావాస్యకి మీ వాళ్లు పడవెక్కకపోతే మేం ఏనాడన్నా నవ్వామా? ఈ క్లబ్బు మీ ఒక్కళ్లదీ కాదు. ఇందులో సగం మట్టి మాది."

"అయితే మీ మట్టి మీరు పట్టుకుపోండి!"

అనేసింది. అని చేపల మార్కెట్లో బేరం తెగనప్పుడు చేసినట్టే చెయ్యి విదిలించి ఇంటికి పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆవిడ నోటికి ఊరు ఎన్నోసార్లు ఓర్చుకుంది. ఆ రోజు ఓర్చుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం ఖాళీ తట్టతో నరసాపురంనుంచి వచ్చేసరికి కోర్టు దగ్గర ట్రాక్టరు కనబడింది. చుట్టూ మిషన్‌పేట మగవాళ్లు, ఆడవాళ్లు, పలుగులు, పారలు. పద్ధతిగా తవ్వుతున్నారు. టేపుతో కొలిచి, ముగ్గుపిండితో గీత గీసి మరీ తవ్వుతున్నారు. నడిగీతకి ఇటు ఒక్క పలుగు పోటు పడలేదు. అటు సగం మాత్రం మూరెడు లోతు గుంట.

"ఏం చేస్తున్నారర్రా! మతులు పోయాయా?"

సుకుమార్ పార నేలకి గుచ్చి నిలబడ్డాడు. "మీరు చెప్పిందే చేస్తున్నామండి. మా మట్టి మేం పట్టుకుపోతున్నాం."

"అందులో ఇసుక కూడా ఉంది మాస్టారూ! మాది!"

"ఇటు సగంలో మా నల్లమట్టి కూడా ఉంది. అది మీరుంచుకోండి. చెల్లుకి చెల్లు."

"ఎవడిదా ట్రాక్టరు?"

ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉప్పుదిబ్బలో ఎర్ర ట్రాక్టరు ఒకటే ఉంది, సురేంద్రది. డ్రైవరు చూపు తప్పించి బీడీ వెలిగించుకున్నాడు. మట్టి ఊరికే పారబొయ్యడానికి పట్టుకెళ్లలేదు వాళ్లు. తుపానుకి మిషన్‌పేట రెండో వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలబడ్డాయి. ఆ వీధి మెరక చేసుకోవడానికి పట్టుకెళ్లారు. ప్రభుత్వం చెయ్యాల్సిన పని అది. ఆర్నెల్లుగా చెయ్యలేదు.

సత్యకుమారి పరుగున రాజరత్నం గారింటికి పోయింది. ఆయనకి ఎనభై దగ్గర పడుతోంది. వరండాలో కుర్చీలో కూర్చుని వీధిలో పడుతున్న మట్టిని చూస్తున్నారు.

"తాతగారూ, ఆపండి! జూన్ పదిన ఆఫీసరొస్తాడు. కోర్టు గుంటైపోతే ఇంకేముంది?"

ఆయన క్లబ్బు పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొదటి పేజీ తీశారు. "చేరేవాళ్ల మట్టి గురించి నేనూ మీ మావయ్యా రాసుకున్నాం. పోయేవాళ్ల మట్టి గురించి రాయలేదమ్మా. పోతారని అనుకోలేదు."

"ఇప్పుడు రాయండి! పట్టుకుపోడానికి వీల్లేదని రాయండి."

"పట్టుకుపొమ్మన్నది సెక్రటరీ గారంట కదా," అన్నారాయన. పుస్తకం మూశారు.

మే నెలకి గుంట నిండింది. సురేంద్ర చెరువునుంచి బయటికి తోడే నీళ్ల గొట్టం ఒకటి ఎలాగో ఇటు తిరిగింది. ఎలా తిరిగిందో అడిగితే, వాలు అటుంది మరి, అన్నారు. బాతులవాడు మందని తీసుకొచ్చి దింపాడు. నడిగీత మీద నిలబడి నీళ్లు తాగుతున్న బాతుల ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. కింద ఎవడో రాశాడు, 'రెడీమేడ్ చెరువు, రొయ్య సీడు వేసుకోవడమే ఆలస్యం.' సత్యకుమారి వాడికి వాయిస్ మెసేజ్ పెట్టింది. దాన్ని ఇక్కడ రాయడం కుదరదు.

రేవుపేట వాళ్లని పోగేసి నీళ్లు తోడించింది. వేట లేక మగవాళ్లు ఇళ్ల దగ్గరే ఉన్నారు. మూడొందల తట్టల ఇసుక పడింది. చూడ్డానికి కోర్టులాగే ఉంది. మూడో రోజు నాగదుర్గ పట్టు పట్టబోయి ఇసుకలో కాలు దిగబడి మడమ వాచిపోయింది. ఇరవై ఆరేళ్ల కింద చిట్టియ్యకి తెలిసిన సంగతే. మేనకోడలు మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది.

మొగుడు సత్తియ్య వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు. "నోటితో తవ్విన గుంటే అది. ఇసుకతో పూడదు."

"నువ్వు వల చూసుకో."

"వలే చూసుకుంటున్నాను. చిరిగిన చోటునుంచే అల్లుకుంటూ రావాలి, పక్కనుంచి కాదు."

మే ఆఖర్లో సురేంద్ర తెల్లచొక్కా వేసుకుని ఇంటికే వచ్చాడు. కుర్చీ వెయ్యకపోయినా కూర్చున్నాడు.

"అక్కా, ఆ మురికి నేల కోసం ఎందుకు అంత తాపత్రయం? రేవు పక్కన మీ పేటకి వేరే సిమెంటు కోర్టు నేను కట్టిస్తాను. పైన రేకులు. మా నాన్నగారి పేరు పెడితే చాలు. ఈ అర్జీకి మీరు అడ్డం చెప్పకండి."

"సిమెంటు మీద కబడ్డీ ఆడితే మా పిల్లల మోకాళ్లు ఎవరు కట్టిస్తారు, మీ నాన్నగారా?"

"ఆలోచించుకోండి. మీకూ వాళ్లకీ ఎటూ పొసగదు. మతాలే వేరు."

"చేపలు కొనేటప్పుడు నాకెప్పుడూ మతం కనపళ్లేదు. మిషన్‌పేట వాళ్లు మొప్పలెత్తి చూస్తారు, రేవుపేట వాళ్లూ మొప్పలే ఎత్తి చూస్తారు. నువ్వొక్కడివే రేటు చూస్తావు. లే, కుర్చీ కడుక్కోవాలి."

అతను పోయాక కూర్చుని ఆలోచించింది. ఆలోచించడం ఆవిడకి అలవాటు లేని పని. కాలువలు కట్టేసిన రోజులు అవి. ఏటా వేసవిలో కాలువలకి నీళ్లు ఆపుతారు, అడుగున పేరుకున్న నల్లమట్టిని కూలోళ్లు తీసి గట్టున పోస్తారు. ఆ కూలోళ్లలో సగం మంది మిషన్‌పేట వాళ్లే. కావలసినంత మట్టి గట్టు మీద పడుంది. జూన్ ఆరున నీళ్లు వదులుతారని చెబుతున్నారు. వదిలాక గట్టంతా బురద, తట్ట ఎత్తలేరు. మట్టుంది, తెచ్చేవాళ్లూ ఉన్నారు. మధ్యలో అడ్డం ఉన్నది ఆవిడ అన్న ఒక్క మాట. దాన్ని వెనక్కి తీసుకునే మాట ఆవిడ నోట పుట్టి ఎరగదు. చిన్నప్పుడు తల్లి కొట్టినా 'తప్పయింది' అనలేదు.

ఒకటో తారీకు ఆదివారం. సాయంత్రం నాలుగింటికి గడప ముందు నేల తవ్వి తట్టలోకి ఎత్తింది. గుడ్డ చుట్టకుదురుగా చుట్టి తట్ట నెత్తిన పెట్టుకుంది. రేవుపేట వీధంతా చూస్తుండగా వంతెన దాటి మిషన్‌పేటకి పోయింది. చర్చి ఆవరణలో సుకుమార్ పిల్లలకి పట్లు నేర్పుతున్నాడు. రాజరత్నం గారు వేపచెట్టు కింద కూర్చున్నారు. ఆవిడని చూసి అందరూ ఆగిపోయారు.

"ఏంటండి సత్యకుమారి గారూ? మా మట్టి మమ్మల్ని పట్టుకుపోమన్నారు. ఇప్పుడు మీ మట్టి మాకే మోసుకొచ్చారేంటి?"

ఆవిడ సుకుమార్‌ని దాటుకుపోయింది. రాజరత్నం గారి ముందు నిలబడింది. "చేరడానికొచ్చాను తాతగారూ. పుస్తకం తియ్యండి."

"నీ పేరుంది కదమ్మా. మొదటి పేజీలో."

"ఆ తట్ట మట్టి వీళ్లు పట్టుకుపోయారు. మళ్లీ తెచ్చాను. రాయండి."

"సెక్రటరీ అని రాయాలా?" సుకుమార్ గొంతులో వెటకారం.

"కొత్తగా చేరిన మనిషి అని రాయండి."

ఎవరో కిసుక్కుమన్నారు. తట్ట బరువుకి ఆవిడ మెడ నరాలు తేలాయి. దించమని ఎవరూ అనలేదు. ఆవిడా దించలేదు.

"గుంట చేసింది మేమని ఊరంతా చెప్పుకుంటున్నారంట," అన్నాడు సుకుమార్.

"తవ్వింది నువ్వు. తవ్వమన్నది నేను. ట్రాక్టరిచ్చింది వాడు. ముగ్గురం కలిసి పని శుభ్రంగా చేశాం. జీతం మాత్రం వాడొక్కడికే ముడుతుంది. ఏం మాస్టారూ, నీక్కూడా సిమెంటు కోర్టు కట్టిస్తానన్నాడా లేదా?"

సుకుమార్ చెవులు ఎర్రబడ్డాయి.

"వాళ్ల నాన్న పేరు పెట్టమన్నాడా?"

"చర్చి పక్కన," అన్నాడు చివరికి. "రేకులతో."

"నాక్కూడా రేకులే. పిట్టపోరు పిల్లి తీర్చినట్టు తీర్చేస్తున్నాడు వాడు. నీ మీద నా కోపం పోలేదు. నీకూ నా మీద పోవద్దు. పదో తారీకు దాటాక తీరిగ్గా తిట్టుకుందాం. తిట్టుకోడానికైనా ఒక జాగా ఉండాలి కదా!"

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ ప్రిస్కిల్లా ముందుకొచ్చింది.

"ఆ రోజు నా చేతిలో ఉన్నది చూసి ఆకన్నావు. అది మట్టితో పోదు."

"పోదు," అంది సత్యకుమారి.

"తప్పయిందని కూడా అనవా?"

సత్యకుమారి పెదాలు కదిలాయి. రాలేదు. "రావట్లేదే," అంది. "నలభై నాలుగేళ్లు. ఇంకోటేదన్నా అడుగు."

ప్రిస్కిల్లా ఆలోచించలేదు. అంతకుముందే ఆలోచించి పెట్టుకున్నట్టుంది. "ఏ రోజు ఆట, ఎక్కడ ఆట, ఎవరికి పేరివ్వాలి, అదంతా ఇకనుంచి నేను రాస్తాను. నువ్వు కాదు. ఫోన్లో నువ్వు ఎవరికీ మాటివ్వకూడదు."

పద్నాలుగేళ్లుగా అది ఆవిడ చేతిలోని పని. ఆ ఒక్క పని కోసమే మార్కెట్లో బేరాలు వదిలింది, పెళ్లిళ్లు మానుకుంది. సెక్రటరీ అంటే అదే. అదిచ్చేస్తే మిగిలేది చేపల తట్ట.

"రాసుకో," అంది.

"పుస్తకం ముందు చెప్పు."

"రాసుకోవే! చెప్పాను కదా. తాతగారూ, రాయండి, మెడ విరిగిపోతోంది."

రాజరత్నం గారు కలం తీశారు. "తట్ట వేశాక రాస్తాను. అది నియమం," అన్నారు.

ఆవిడ తట్టతోనే వెనక్కి తిరిగి కోర్టు వైపు నడిచింది. వెనక ఎవరన్నా వస్తున్నారో లేదో చూసుకోలేదు. ఇసుక నింపిన గుంటలో మట్టి కుమ్మరించి, దిగి తొక్కి, తలెత్తేసరికి ముసలాయన కర్ర పొడుచుకుంటూ వస్తున్నారు. ఆయన వెనక ప్రిస్కిల్లా, తల్లి ప్రసన్నకుమారి, ఇంకో పది మంది. సుకుమార్ అందరికన్నా వెనక, చేతులు కట్టుకుని.

గుంటలో పోసిన ఇసుక పైకి తీసి, మట్టి కలిపి పొయ్యడానికి అయిదు రోజులు పట్టింది. కూలి పని ముగించుకుని వచ్చినవాళ్లు వచ్చినట్టు కాలువ గట్టు మీది నల్లమట్టి మోశారు. అటునుంచి రేవుపేట వాళ్లు ఇసుక మోశారు. ప్రేమలేం కారిపోలేదు. 'మీ ఇసుకలో గవ్వలున్నాయి, జల్లించి తగలెయ్యండి' అని వీళ్లు, 'మీ మట్టిలో గాజుపెంకులున్నాయి, కళ్లు పోయాయా' అని వాళ్లు. అచ్చాయమ్మ అనే రేవుపేట ముసలావిడ తన తట్ట తోసేశారని దిమ్మిస పట్టుకుని ఒకడి వెంటపడింది. దిమ్మిసతో ఎలాగూ నేల కొట్టాలి గనుక, కొట్టుకుంటూ పరిగెత్తవే అని జనం నవ్వారు. తొక్కేటప్పుడు మాత్రం అందరూ ఒకే వరసలో, ఒకే అడుగు. వేరే విధంగా తొక్కితే నేల ఎగుడుదిగుడవుతుంది. సురేంద్ర ఏమీ ఎరగనట్టు ట్రాక్టరు పంపుతానన్నాడు. సుకుమారే పొమ్మన్నాడు. ఆరున కాలువకి నీళ్లొచ్చాయి. అప్పటికి నల్లమట్టి సరిపడా చేరింది.

పదో తారీకు అధికారిణి పదకొండింటికి జీపు దిగింది. పక్కనే సురేంద్ర, చేతిలో ఫోను, ఫోన్లో బాతులు.

ఆట నడుస్తోంది. జట్లు పంచింది ప్రిస్కిల్లా. పేటలవారీగా పంచలేదు, కలిపేసింది. నాగదుర్గ మడమ ఇంకా బాగవలేదు, బెంచీ మీద కూర్చుని కేకలేస్తోంది. ఏడో మనిషి తక్కువైతే ప్రిస్కిల్లా అటూ ఇటూ చూసి, "కొత్తగా చేరినావిడ ఉంది కదా, దిగమనండి," అంది. తనకి ఎదురు జట్టులో వేసింది.

సత్యకుమారి చీరమీదే కుచ్చిళ్లు బిగించి దిగింది. మొదటి కూతకే ప్రిస్కిల్లా వచ్చింది. మిగతా ఆరుగురినీ చూడనే లేదు. తిన్నగా ఆవిడ మీదికే వచ్చి మోచేయి విసిరింది. పెదవి చిట్లింది. ఆవిడ వంగి పిల్ల చీలమండ దొరకబుచ్చుకుంది. ప్రిస్కిల్లా కూత ఆపకుండా ఆవిడని ఈడ్చుకుంటూ నడిగీత వైపు లాగింది. ఇద్దరూ పడ్డారు, కొత్తగా పోసిన సగంలో. నేల జారలేదు, దిగబడలేదు, తోలు లేవలేదు. వేలు గీతకి జానెడు దూరంలో ఉండగా పిల్ల కూత ఆగిపోయింది.

"పట్టు!" అని విజిల్ వేశాడు సుకుమార్.

"వదులు," అంది ప్రిస్కిల్లా పళ్ల బిగువున.

"విజిలయ్యాక వదులుతాను, నువ్వు చెప్తే కాదు," అంది సత్యకుమారి నెత్తురు ఉమ్మేసి. అప్పుడు వదిలింది.

"నిన్న మొన్నటిదాకా ఇది గుంట మేడమ్," అంటున్నాడు సురేంద్ర. "చూడండి, బాతులు. మీరొస్తున్నారని నాటకం."

అధికారిణి ఫోనులో బాతుల్ని చూసింది. సత్యకుమారి పెదవిని చూసింది. "నాటకానికి నెత్తురు కారుస్తారా?" అంది. రాజరత్నం గారు పుస్తకం ఇస్తే పేజీలు తిప్పింది. ఇరవై ఆరేళ్ల పేర్లు. ఆఖరి పేజీల దగ్గర ఆగింది.

"ఇదేంటండి, ఒక్క వారంలో నూటఎనభై మంది కొత్తగా చేరారా?"

"పాతవాళ్లేనమ్మా," అన్నారు రాజరత్నం గారు. "మళ్లీ చేరారు."

ఆవిడ జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాసింది, 'ఆటస్థలంగా వాడుకలో ఉంది' అని. కింద ఇంకో ముక్క రాసింది, 'ఏడాది తర్వాత మళ్లీ పరిశీలించవలెను.' సురేంద్ర ఆ రెండో ముక్క చూసి నవ్వుకుంటూ జీపెక్కాడు. వాడికి ఏడాదంటే లెక్కేంటి! వాడి దగ్గర ట్రాక్టరుంది, ఓపికుంది.

జనం చెదిరాక సత్యకుమారి గీతలన్నీ నడిచి చూసుకుంది. ప్రిస్కిల్లా స్తంభానికి తీగతో కట్టిన అట్ట మీద వచ్చే నెల ఆటల రోజులు రాస్తోంది. సత్యకుమారి చదవబోయి ఆగింది. అడగకూడదు. అడిగితే చెబుతుంది, చెబితే ఏదో ఒకటి అనాలనిపిస్తుంది.

సుకుమార్ కొత్త సగంలో ఒక మూల బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

"సత్యకుమారి గారూ, ఇక్కడ కాస్త పల్లంగా ఉంది. ఇంకో నాలుగు తట్టలు పడాలి."

ఆవిడ ఒక్క క్షణం చూసింది. 'అక్కా' అంటాడేమోనని తొమ్మిది రోజులుగా చూస్తూనే ఉంది. అనలేదు. ఇక అనడు.

"రెండు నేను తెస్తాను, రెండు మీరు తెండి మాస్టారు గారూ," అని, తట్ట తీసుకుని ఇసుక కోసం రేవు వైపు పోయింది.